చూపునకు చేయూతనిచ్చిన రైతుబిడ్డ

నూజివీడు మామిడి రైతునకు అంటుకట్టు విద్య క్రొత్తది కాదు. వేరు బలముగ నున్న మొక్కను పెఱికి పాఱవేయువాఁ డుండఁడు. మొదలు నట్లే నిలిపి, దానికి మేలిజాతి కొమ్మ నంటఁగట్టును. నేఁటి నేత్రవైద్యమునను ఈ న్యాయమే నడచుచున్నది. ఆ వైద్యము తెలుగునాట పాదుకొనుటకు చేయూతనిచ్చినవాఁడు ఈ పొరుగుననే పుట్టిన రైతుబిడ్డ ఎల్. వి. ప్రసాదు.

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు 1908వ సంవత్సరము జనవరి 17వ తేదీన ఏలూరి చెంతనున్న సోమవరప్పాడున జన్మించెను. ఆయనకు చదువు కంటె నాటకములపై మక్కువ హెచ్చు. ఇంటిని ఋణములు చుట్టుకొనఁగా కొలఁది సొమ్ముతో బొంబాయి చేరి, వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లరపనులు చేసి పొట్టపోసికొనెను. 1931లో వెలువడిన ఆలం ఆరా, కాళిదాసు, 1932లో వెలువడిన భక్తప్రహ్లాద యను హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూఁటియందును నటించెను. 1949లో మనదేశము ద్వారా నందమూరి తారక రామారావును తెరకు పరిచయము చేసెను. 1955లో మిస్సమ్మను తీసెను. 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార మాయనను వరించెను.

ధనము గడించినవారు పెక్కురు. దానికి సద్వినియోగ మెఱిఁగినవారు కొందఱే. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున నేత్రవైద్యసంస్థను స్థాపింపఁ బూనఁగా, ప్రసాదు కుటుంబము ఐదెకరముల భూమిని, కోటి రూపాయలను దానమిచ్చెను. 1987లో ఆ సంస్థ ప్రసాదు పేరనే వెలసెను. 1989లో దానికి రామాయమ్మ నేత్రనిధి తోడయ్యెను.

కంటి ముందుభాగమున నున్న కార్నియా అద్దమువంటి పొర; దాని మందము మధ్యభాగమున సుమారు అరమిల్లీమీటరు. కోతల కాలమున వరియాకు గీసికొనినను, తోటలో రెమ్మ తగిలినను పుండుపడి, మానినపిదప పువ్వు మిగులవచ్చును. పూర్వము కార్నియా నడిమిభాగము నంతటి మందమునను కోసి తీసి, మృతుని కంటిపొరను కుట్టెడివారు. నేఁడు లోపలి వరుస చెడనిచో దాని నుంచి పైవరుసలనే మార్తురు. లోపలి వరుసయే చెడినచో దానినే మార్తురు. సొంత లోపలి వరుస నిలిచినప్పుడు శరీరము క్రొత్తపొరను త్రోసిపుచ్చు భయము తగ్గును. ఒక్కొకయెడ దాత యిచ్చిన ఒక్క కార్నియా ఇరువురకు నుపకరించును. మచ్చ అన్ని వరుసలకును ప్రాఁకినచో పూర్తిమార్పిడి తప్పదు.

ప్రసాదు 1994 జూన్ 22న కన్నుమూసెను. ఆయన యిచ్చిన నేలపై శస్త్రచికిత్సలు నేఁటికిని సాగుచున్నవి. అయినను ఎంత నేర్పరియైన వైద్యుఁడైనను కార్నియాను సృష్టింపలేఁడు; దానిని మనుష్యుఁడే మనుష్యున కీయవలెను. మరణించిన ఆఱు గంటలలోపుగా కన్నులు సేకరింపవలెను. వృద్ధులును, కండ్లజోడు వాడువారును సైతము దాత లగుదురు. భూమి నీయఁగలవారు కొందఱే. కన్నుల నీయఁగలవారు ప్రతి యింటను గలరు. ఆ మాట ఇంటివారితో నేఁడే చెప్పి యుంచుట మన విధి.