జిమ్ థోర్ప్

జిమ్ థోర్ప్ (1887 - మార్చి 28, 1953) అమెరికాకు చెందిన ప్రముఖ క్రీడాకారుడు. ఇతడు సాక్ అండ్ ఫాక్స్ అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందినవాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ పోటీలు రెండింటిలోనూ స్వర్ణ పతకాలు సాధించాడు. అదే సంవత్సరం కార్లైల్ అనే చిన్న పాఠశాల తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి పెద్ద విశ్వవిద్యాలయాల జట్లను ఓడించాడు. అంతకుముందు డబ్బు తీసుకొని బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913లో ఇతని పతకాలను వెనక్కి తీసుకున్నారు. అవి పూర్తి గౌరవంతో ఇతని పేరిట తిరిగి నమోదు కావడానికి 2022 వరకు పట్టింది.

బాల్యము

థోర్ప్ ప్రస్తుత ఓక్లహోమా రాష్ట్రంలోని ప్రేగ్ పట్టణ సమీపంలో జన్మించాడు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఇండియన్ టెరిటరీ అనేవారు. పుట్టిన తేదీ మే 22 అనీ, మే 28 అనీ రెండు విధాలుగా కనిపిస్తుంది. తండ్రి హైరం థోర్ప్, తల్లి షార్లెట్ వ్యూ. తెగ భాషలో ఇతని పేరు వా-థో-హక్. ప్రకాశవంతమైన బాట అని దాని అర్థం. కవల సోదరుడు చార్లీ బాల్యంలోనే న్యుమోనియాతో చనిపోయాడు. తరువాత తల్లిని, తండ్రిని కూడా కోల్పోయాడు. కాన్సస్ రాష్ట్రంలోని హాస్కెల్ ఆదివాసీ పాఠశాలలో కొంతకాలం చదివి, 1904లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పాఠశాలలో చేరాడు.

కార్లైల్ పాఠశాల

కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూలును 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి స్థాపించాడు. ఆదివాసీ పిల్లలను కుటుంబాల నుండి దూరంగా ఉంచి, వారి భాషను, వేషాన్ని, ఆచారాలను మాన్పించి, వృత్తి పనులు నేర్పడం ఈ పాఠశాల ఉద్దేశం. ఇది విశ్వవిద్యాలయం కాదు. విద్యార్థులలో చాలామంది చిన్నపిల్లలు కావడంతో ఫుట్‌బాల్ ఆడగల వయసు వారు కొద్దిమందే ఉండేవారు. అయినా ఈ పాఠశాల జట్టు దేశమంతటా పేరు పొందింది. జట్టు ఎక్కువ ఆటలను ఇతర ఊళ్ళలోనే ఆడేది. టిక్కెట్ల ఆదాయంలో వాటా పాఠశాల క్రీడానిధికి చేరేది.

జట్టు శిక్షకుడు గ్లెన్ వార్నర్. ఇతడిని పాప్ వార్నర్ అని పిలిచేవారు. ఎదుటి జట్లలోని ఆటగాళ్ళు బరువులో, సంఖ్యలో ఎక్కువగా ఉండటంతో వేగం మీద, ఎత్తుగడల మీద ఆధారపడే ఆటను వార్నర్ రూపొందించాడు. 1907లో థోర్ప్ ప్రతిభను గుర్తించి మొదట పరుగు, దూకుడు పోటీలలోకి, తరువాత ఫుట్‌బాల్‌లోకి తీసుకున్నాడు.

1909, 1910 వేసవులలో థోర్ప్ ఉత్తర కరోలినా రాష్ట్రంలో చిన్న స్థాయి బేస్‌బాల్ జట్లకు కొద్దిపాటి జీతానికి ఆడాడు. ఆ రోజుల్లో ఎందరో కళాశాల విద్యార్థులు మారుపేర్లతో ఇలాగే ఆడేవారు. థోర్ప్ మాత్రం తన సొంత పేరుతోనే ఆడాడు.

1911 సీజన్

1911లో థోర్ప్ తిరిగి కార్లైల్ చేరాడు. ఆ ఏడాది నవంబరు 11న హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని వారి మైదానంలోనే కార్లైల్ 18-15 తేడాతో ఓడించింది. ఆ ఆటలో థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని గోలు కమ్మీ మీదుగా పంపడం) చేశాడు. ఆ సీజన్‌లో కార్లైల్ 11 ఆటలు గెలిచి, సిరక్యూజ్ చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఒక ఆట ఓడిపోయింది.

స్టాక్‌హోం ఒలింపిక్స్

1912 వేసవిలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జరిగిన ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్‌లోని ఐదు అంశాలలో నాలుగింటిలో థోర్ప్ మొదటి స్థానం పొందాడు. పది అంశాల డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించి, రెండవ స్థానంలో నిలిచిన స్వీడన్ క్రీడాకారుడు హ్యూగో వీస్లాండర్ కంటే 688 పాయింట్లు ముందున్నాడు.

1912 సీజన్

ఒలింపిక్స్ నుండి తిరిగి వచ్చిన థోర్ప్ కార్లైల్ జట్టుకు నాయకత్వం వహించాడు. ఆ ఏడాదే అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు మారాయి. టచ్‌డౌన్ విలువ ఐదు నుండి ఆరు పాయింట్లకు పెరిగింది. బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవడానికి మూడు ప్రయత్నాల బదులు నాలుగు లభించాయి. వేగంగా ఆడే కార్లైల్ జట్టుకు ఈ మార్పులు కలిసివచ్చాయి.

అక్టోబరులో వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కళాశాలతో జరిగిన ఆట 0-0తో ఫలితం తేలకుండా ముగిసింది. గత ఏడాది తమను ఓడించిన సిరక్యూజ్‌ను ఈసారి 33-0తో ఓడించారు. సీజన్‌లో ముఖ్యమైన ఆట నవంబరు 9న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో జరిగింది. ఆదివాసులపై అమెరికా సైన్యం జరిపిన వూండెడ్ నీ ఊచకోతకు అప్పటికి 22 ఏళ్ళు మాత్రమే గడిచాయి. కాబోయే సైనికాధికారులకూ, ఆదివాసీ యువకులకూ మధ్య జరిగిన ఈ ఆటలో కార్లైల్ 27-6తో గెలిచింది. థోర్ప్ పరుగులు జట్టును గోలు గీత దగ్గరకు చేర్చగా, అలెక్స్ అర్కాసా మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఎదుటి జట్టులో ఆడినవారిలో తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన డ్వైట్ ఐసెన్‌హోవర్ ఒకడు.

వారం తరువాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేతిలో కార్లైల్ 34-26తో ఓడిపోయింది. నవంబరు 28న బ్రౌన్ విశ్వవిద్యాలయంపై 32-0 విజయంతో సీజన్ ముగిసింది. మొత్తం 14 ఆటలలో 12 విజయాలు, ఒక ఓటమి, ఒక సమం. కార్లైల్ తరఫున థోర్ప్ ఆడిన చివరి ఫుట్‌బాల్ సీజన్ ఇదే.

పతకాల రద్దు

1913 జనవరిలో థోర్ప్ జీతానికి బేస్‌బాల్ ఆడిన సంగతి మసాచుసెట్స్ పత్రికలో వెలువడింది. అప్పటి నియమాల ప్రకారం ఒలింపిక్స్‌లో ఔత్సాహికులు మాత్రమే పాల్గొనాలి. థోర్ప్ విషయాన్ని ఒప్పుకున్నాడు. అమెరికా క్రీడాసంఘం ఇతని ఔత్సాహిక హోదాను రద్దుచేయగా, పతకాలు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. కానీ ఫిర్యాదులను పోటీలు ముగిసిన 30 రోజులలోపు చేయాలన్న నియమం అప్పటికే ఉంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయినా దానిని ఎవరూ పట్టించుకోలేదు. థోర్ప్ ఆటల వలన కార్లైల్ పాఠశాల ఆదాయం పొందింది. శిక్ష మాత్రం థోర్ప్ ఒక్కడికే పడింది. 1914లో అమెరికా కాంగ్రెస్ సంఘం ఈ పాఠశాల నిర్వహణపై, క్రీడానిధిపై విచారణ జరిపింది. పాఠశాల 1918లో మూతపడింది.

వృత్తి క్రీడాజీవితం

1913లో న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో చేరిన థోర్ప్ 1919 వరకు ప్రధాన లీగులలో ఆడాడు. 1915 నుండి ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ బుల్‌డాగ్స్ ఫుట్‌బాల్ జట్టుకు ఆటకు 250 డాలర్ల చొప్పున ఆడాడు. 1920లో ఏర్పడిన వృత్తి ఫుట్‌బాల్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఈ సంఘమే 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా పేరు మార్చుకుంది. 1928లో ఆట నుండి విరమించాడు.

చివరి దశ, మరణము

ఆర్థిక మాంద్యం కాలంలో థోర్ప్ కూలిపనులు చేశాడు, సినిమాలలో చిన్న వేషాలు వేశాడు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ జరిపిన ఎన్నికలో అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు. 1951లో ఇతని జీవితంపై వచ్చిన సినిమాలో బర్ట్ లాంకాస్టర్ నటించాడు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలోని లొమిటాలో గుండెపోటుతో మరణించాడు.

భార్య పాట్రీషియా నిర్ణయం మేరకు ఇతని భౌతికకాయాన్ని పెన్సిల్వేనియాకు తరలించారు. అక్కడ రెండు పట్టణాలు కలిసి 1954లో జిమ్ థోర్ప్ అనే పేరు పెట్టుకున్నాయి. అవశేషాలను ఓక్లహోమాకు తీసుకువెళ్ళాలని కుమారులు చేసిన న్యాయపోరాటం 2015లో అమెరికా సుప్రీం కోర్టు విచారణకు నిరాకరించడంతో ముగిసింది.

పతకాల పునరుద్ధరణ

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1982లో థోర్ప్‌ను ఉమ్మడి విజేతగా గుర్తించి, 1983లో నకలు పతకాలను ఇతని సంతానానికి అందజేసింది. డెకాథ్లాన్ స్వర్ణాన్ని తనదిగా వీస్లాండర్ జీవితంలో ఎన్నడూ అంగీకరించలేదు. చివరకు 2022 జులైలో కమిటీ రెండు పోటీలలోనూ థోర్ప్‌నే ఏకైక విజేతగా ప్రకటించింది. 2024లో అమెరికా ప్రభుత్వం ఇతనికి మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం ప్రకటించింది.