బొమ్మల పత్రికల మేజరు

గుఱ్ఱపు దళమున మేజరుగా నుండిన వానికిని, పిల్లలు పది సెంట్లిచ్చి కొనుచుండిన బొమ్మల కథల పత్రికలకును సంబంధమేమి యని పాఠకులకు తోచవచ్చును. అమెరికా దేశమున కామిక్స్ పుస్తకములు పుట్టిన వృత్తాంతము నెవరు చెప్పినను మేజర్ మాల్కమ్ వీలర్-నికల్సన్ పేరు తలపక తప్పదు. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ అను వీరులను లోకమున కందించిన సంస్థకు పునాది వేసినవాడు ఆయనయే. ఆ వీరుల మూలమున వచ్చిన ధనములో మాత్రము ఆయనకు భాగము దక్కలేదు.

ఆయన 1890వ సంవత్సరము జనవరి 7వ తేదీన టెనెస్సీ రాష్ట్రమందలి గ్రీన్‌విల్ అను పట్టణమున జన్మించెను. తల్లి పత్రికా రచయిత్రి. యౌవనమున సైన్యమందు చేరి మెక్సికో సరిహద్దునను, ఫిలిప్పైన్ దీవులలోను, సైబీరియాలోను పనిచేసి, మొదటి ప్రపంచయుద్ధానంతరము ఐరోపాలో నుండెను. తన సైనిక జీవితమును గూర్చి ఆయన చెప్పిన ముచ్చటలు కొంత రంగు పూసినవే కావచ్చును. కథలల్లుట ఆయనకు పుట్టువిద్య. 1920లో జర్మనీలోని కోబ్లెంజ్ నగరమున ఎల్సా అను స్వీడన్ దేశపు వనితను పెండ్లాడెను. వారికి అయిదుగురు సంతానము.

తరువాతి ఘట్టము ప్రభుత్వోద్యోగులకు వేఱుగ వివరింప నక్కఱలేదు. సైన్యమున పైయధికారుల నడవడి సరిగా లేదని తలచి, ఆయన 1922లో అధ్యక్షుడు హార్డింగ్ పేర ఒక బహిరంగలేఖ వ్రాసెను. అది న్యూయార్క్ టైమ్స్ పత్రికలో అచ్చయ్యెను. వెంటనే ఆరోపణలు, ప్రత్యారోపణలు, విచారణలు బయలుదేరినవి. ఆ గొడవల నడుమ తుపాకి గుండు తగిలి ఆయన ఆసుపత్రి పాలయ్యెను. అది హత్యాప్రయత్నమేనని కుటుంబమువారు నమ్మిరి. చివరకు సైనిక న్యాయస్థానము, లేఖను పత్రికలో ప్రకటించుట నేరమని తీర్పు చెప్పెను. హోదా తగ్గింపలేదు గాని, ఇక మీదికి పోవు దారి మూసికొనిపోయెను. మఱుసటి యేట ఆయన కొలువు వదలుకొనెను. మేజరను పిలుపు మాత్రము కడవఱకు ఆయన వెంట నుండెను.

కలమే జీవనాధారమయ్యెను. ఆ దినములలో చవుక కాగితముపై అచ్చగు సాహస కథల పత్రికలు అమెరికాలో విరివిగా నుండెడివి. వానికి యుద్ధ కథలు, చారిత్రక కథలు వ్రాసి సంసారము నడపెను. 1925లో వార్తాపత్రికలకు బొమ్మల కథలు సరఫరా చేయు సంస్థ నొకదానిని పెట్టెను గాని అది నిలువలేదు.

అప్పటికి దినపత్రికలలో వచ్చిన హాస్యచిత్రములనే కూర్చి చిన్న పుస్తకములుగా నమ్ముట 1933 ప్రాంతమున ఆరంభమయ్యెను. ప్రసిద్ధ చిత్రకథల హక్కులు అప్పటికే ఇతరుల చేతులలో నుండెను. చేతిలో సొమ్ము లేని మేజరు, పాతవానిని కొనుటకు మాఱు క్రొత్తవానినే వ్రాయించి గీయింపవచ్చునుగదా యని తలచెను. అవసరములోనుండి పుట్టిన యీ యాలోచనయే ఆయన ఘనకార్యము. 1934లో నేషనల్ అలైడ్ పబ్లికేషన్స్ అను సంస్థను స్థాపించి, 1935 ఫిబ్రవరి సంచికగా న్యూ ఫన్ అను పత్రికను వెలువరించెను. పది అంగుళముల వెడల్పు, పదునైదు అంగుళముల పొడవు, ముప్పదియాఱు పుటలు. అందలి కథలన్నియు క్రొత్తవి.

ఎఱుగని బొమ్మలను అంగళ్లవారు నమ్మలేదు. అమ్ముడుపోని ప్రతులు కట్టలు కట్టలుగా తిరిగి వచ్చుచుండెను. అమ్మకపు సొమ్ము చేతికందుటకు నెలలు పట్టును. కాగితమువాడును ముద్రాపకుడును అంతవఱ కాగరు. చిత్రకారులకు పైకము సకాలమున ముట్టకుండెను. ఆ యేటి అక్టోబరు సంచికలో క్లీవ్‌లండ్ యువకులిద్దఱు, జెర్రీ సీగల్, జో షుస్టర్ అనువారు, ఆయన పత్రికయందే తొలిసారి కనబడిరి.

ఇంతలో మఱియొక పత్రిక, ఆపై డిటెక్టివ్ కామిక్స్ అను మూడవ పత్రిక. ఉన్న అప్పు తీరకమునుపే క్రొత్తది మొదలిడుట ఆయన స్వభావము. ఇందు ఆయన దోషము లేదనజాలము. ముద్రణ, పంపకము చేతనున్న హ్యారీ డొనెన్‌ఫెల్డ్ అనునాతనికి బాకీ పెరిగెను. 1937లో ఆ మూడవ పత్రిక వెలువడుటకు డొనెన్‌ఫెల్డ్ పక్షము వారిని భాగస్థులుగా చేర్చుకొనవలసి వచ్చెను. మఱుసటి యేట దివాలా వ్యవహారము కోర్టు కెక్కి, సంస్థ ఆయన చేతి నుండి జాఱిపోయెను.

సరిగా ఆ 1938లోనే, జూన్ తేదీ వేసిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మాన్ ఆకాశమున కెగసెను. సీగల్, షుస్టర్‌లు ఆ పాత్ర హక్కును నూటముప్పది డాలర్లకు అమ్ముకొనియుండిరి. మఱుసటి సంవత్సరము డిటెక్టివ్ కామిక్స్‌లో బ్యాట్‌మాన్ పుట్టెను. ఆ పత్రిక పేరులోని రెండు మొదటి యక్షరములే తరువాత సంస్థకు డీసీ అను పేరైనవి. ఇంకొక యేడాది నిలదొక్కుకొనియున్నచో ఆయన గతి యెట్లుండెడిదో!

ఆయన మరల బొమ్మల పత్రికల జోలికి పోలేదు. దేశరక్షణను గూర్చిన గ్రంథములు 1940, 1941 సంవత్సరములలో ప్రకటించి, సైనిక విషయములపై వ్యాసములు వ్రాయుచు కాలము గడపి, 1965లో కన్ను మూసెను. 2008లో కామిక్స్ రంగమువారు తమ ఐస్నర్ పురస్కారముల కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చిరి. అప్పు చేసి ఆయన మొదలిడిన డిటెక్టివ్ కామిక్స్ 2019లో వేయవ సంచికను వెలువరించెను.