అక్షరశిల్పి సత్యజిత్ రాయ్

గ్రంథాలయమునకు వచ్చిన పాఠకుడు బల్లపై పరచిన పత్రికలలో తనకు వలసినదానిని దూరమునుండియే గుర్తించును. పేరును కూడబలుకుకొని చదువనక్కర లేదు. ఆ పేరు వ్రాసిన తీరే పత్రికను తెలుపును. మనుష్యునకు ముఖమెట్టిదో పత్రికకు శీర్షికాక్షరములు అట్టివి. అయినను ఆ ముఖమును తీర్చిన చిత్రకారుని పేరు సామాన్యముగా ఎవరికిని తెలియదు. చలనచిత్ర దర్శకుడుగా లోకమెల్ల ఎరిగిన సత్యజిత్ రాయ్ అట్టి చిత్రకారులలో అగ్రగణ్యుడు.

రాయ్ 1921 మే 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. ఆ కుటుంబమునకు ముద్రణము కులవిద్యవంటిది. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి బాలసాహిత్యకర్త. ఛాయాచిత్రమును సన్నని చుక్కలుగా మార్చి అచ్చువేయు హాఫ్‌టోన్ పద్ధతిలో నిపుణుడు. 1913లో ఆయన బాలబాలికల కొరకు 'సందేశ్' అను మాసపత్రికను స్థాపించెను. వంగభాషలో ఆ మాటకు వార్త యనియు, విరిచిన పాలతో చేయు మిఠాయి యనియు రెండర్థములు కలవు. 1915లో ఆయన గతించగా, ఇంగ్లండులో ముద్రణవిద్య నేర్చివచ్చిన కుమారుడు సుకుమార్ రాయ్ పత్రికాభారమును వహించెను. ఆయనయు 1923లో కాలా అజార్ జ్వరముచే అకాలమరణము నొందెను. అప్పటికి సత్యజిత్ వయస్సు రెండు సంవత్సరముల నాలుగు నెలలు మాత్రమే. వ్యాపారము దెబ్బతినెను, ముద్రణాలయము చేజారెను, ఇల్లును పోయెను. తల్లి సుప్రభాదేవి కుమారుని వెంటబెట్టుకొని సోదరుని ఇల్లు చేరెను. పిమ్మట 'సందేశ్' కూడ నిలిచిపోయెను.

1940లో తల్లి కోరికపై సత్యజిత్ శాంతినికేతనము చేరి, నందలాల్ బోస్, వినోదవిహారీ ముఖర్జీల కడ చిత్రలేఖనము నభ్యసించెను. కుంచె కదలికతో అక్షరమునకు ప్రాణము పోయు విద్య ఆయనకు అచటనే అబ్బెను. చదువు ముగియకమునుపే తిరిగివచ్చి, 1943లో డి.జె. కీమర్ అను ఆంగ్లేయుల ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతముపై చేరెను. సిగ్నెట్ ప్రెస్ అను ప్రచురణసంస్థ పుస్తకములకు అట్టలు చిత్రించు పనియు ఆ దినములలోనే లభించెను. కుమావూన్ నరభక్షక వ్యాఘ్రముల గూర్చి జిమ్ కార్బెట్ వ్రాసిన గ్రంథపు వంగానువాదమునకు ఆయన వేసిన అట్ట ప్రసిద్ధము. ఆ అట్ట యంతయు పులిచర్మము; ముందువైపున తుపాకిగుండు దూరిన రంధ్రము, వెనుకవైపున అది వెలువడిన రంధ్రము. పుస్తకము తెరువకముందే విషయము బోధపడును.

ఆయన అక్షరరచన విశేషము తెలియవలెనన్న వంగలిపి స్వభావము కొంత ఎరుగవలెను. తెలుగున తలకట్టు ఏ అక్షరమునకు ఆ అక్షరమునకే యుండును. వంగలిపిలోనో, మాటలోని అక్షరములలో పెక్కింటిని తలపై ఒక అడ్డగీత కలుపును. తోరణమునకు కట్టిన ఆకులవలె అవి దానినుండి వ్రేలాడుచున్నట్లుండును. ఆ గీతను లావుగా దిద్దుట, సన్నగించుట, వంచుట, త్రెంచుట యందే చిత్రకారుని నేర్పు కలదు. అయితే అలంకారము మితిమీరినచో పేరు చదువరాదు; అలంకారమే లేకున్న పేరు మనసున నిలువదు. ఈ రెంటి నడుమనున్న సన్నని బాటను రాయ్ విడువలేదు.

1955లో విడుదలయిన 'పథేర్ పాంచాలి' చిత్రముతో ఆయన కీర్తి ఖండాంతరములకు వ్యాపించెను. అయినను ఆయన కలమును, కుంచెను పక్కన బెట్టలేదు. 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి 'సందేశ్'ను పునరుద్ధరించెను. తాత నిలిపిన పేరును మనుమడు తన చేతితో మరల వ్రాసెను. సంపాదకత్వముతోబాటు అట్టలు, శీర్షికలు, కథలకు బొమ్మలు కూడ ఆయనవే. పత్రికకు కథలు కావలసివచ్చి వ్రాయబూనినవాడు వంగదేశపు బాలబాలికలకు ప్రియతమ రచయిత యయ్యెను. ఫెలూదా, ప్రొఫెసర్ శంకు అను పాత్రలు 'సందేశ్' పుటలలోనే పుట్టినవి.

ఆ సంవత్సరమే నటుడు సౌమిత్ర చటర్జీ, నిర్మాల్య ఆచార్యలు ఒక సాహిత్యపత్రికను ప్రారంభింపగా, రాయ్ దానికి 'ఏక్షణ్' అని పేరిడెను. ఈ క్షణము అని దాని భావము. వంగలిపిలో ఆ పేరున నున్నవి మూడే అక్షరములు. ఆయన ఆ మూడింటినే అట్టకు చిత్రముగా చేసికొని, సంచిక సంచికకు వాని రూపమును, రంగులను మార్చుచు వచ్చెను. అక్షరములు అవే, చూపు మాత్రము ప్రతిసారియు క్రొత్తది.

ఆంగ్లలిపికిని ఆయన క్రొత్త అచ్చుల నమూనాలు కల్పించెను. వానిలో 'రే రోమన్', 'రే బిజార్' అనునవి 1971లో ఒక అంతర్జాతీయ పోటీలో బహుమతి నందుకొనినవి. సాహిత్య అకాడమీ చిహ్నమును రూపొందించినదియు ఆయనయే. అకాడమీ ప్రచురించిన తెలుగు గ్రంథములను చేతబట్టిన పల్లెటూరి పాఠకులు ఆయన పేరెరుగకయే ఆయన చేతిపనిని చూచియుందురు.

1992లో భారతరత్న బిరుదము లభించెను. ఆ యేటనే ఏప్రిల్ 23వ తేదీన రాయ్ కలకత్తాలో పరమపదించెను.

ఆస్తి పోయినను విద్య పోదని పెద్దలందురు. ఆ యింటి ముద్రణయంత్రములు పరులపాలయ్యెను. అచ్చుపని యందలి శ్రద్ధ మాత్రము మూడవ తరమువరకు చెక్కుచెదరక నిలిచెను. జగద్విఖ్యాతుడైన పిమ్మట కూడ పిల్లల పత్రిక పేరును చక్కగా వ్రాయుట తనకు తగని చిన్నపని యని ఆయన తలపలేదు. చదువరిని గౌరవించుట అట్టమీది మొదటి అక్షరముననే ఆరంభమగునని ఆయన జీవితము చాటుచున్నది.