తలవంచని బందగీ

కొందరికి పేరు పిలుపు కోసం మాత్రమే ఉంటుంది. మరికొందరు తమ బతుకుతో ఆ పేరుకు అర్థం చెబుతారు. తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రలో మొదటి వరుసలో నిలిచిన షేక్ బందగీ రెండవ కోవకు చెందినవాడు.

బందగీ అనేది పారశీకం నుండి ఉర్దూలోకి వచ్చిన పదం. దాసత్వమనీ, దైవారాధన అనీ దానికి అర్థాలు. దైవం ఒక్కడేనన్నది ఇస్లాం మతానికి మూలసూత్రం. ఆ దైవానికి తప్ప మరెవ్వరికీ దాసులు కారాదని ఆ మతం బోధిస్తుంది. లోకమంతటా ముస్లింలు రోజుకు ఐదు పూటలా మక్కాలోని కాబా దిక్కుగా నిలిచి నమాజు చేస్తారు. నుదురు నేలకు ఆనించి మొక్కడాన్ని సజ్దా అంటారు. ఆ వరుసలో నవాబుకూ కూలివానికీ వేర్వేరు స్థానాలు ఉండవు.

బందగీ స్వగ్రామం కామారెడ్డిగూడెం. నేడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉన్న ఈ ఊరు నిజాం పాలనలో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మాటకు ఎదురుండేది కాదు. సేవావృత్తులవారు ప్రతిఫలం లేకుండా గడీలో వెట్టిచాకిరి చేయవలసి వచ్చేది. దొర ఎదుటపడితే తాము బాంచలమని చెప్పుకొని కాళ్లు మొక్కడం నాటి పల్లె ప్రజలకు తప్పని ఆచారమైంది. రాజ్యమేలే నిజాం ముస్లిం అయినంత మాత్రాన పేద ముస్లిం రైతుకు ఒరిగింది ఏమీ లేదు. వెట్టి విషయంలో, భూమి విషయంలో హిందూ రైతు కష్టమే అతని కష్టం. మొహర్రంలో పీరీలు లేచినప్పుడు కలిసి మొక్కిన ఆ రెండు మతాలవారూ దొర ముందు కలిసే తలలు వంచారు.

అటువంటి రోజులలో బందగీకి దాయాదులతో భూమి తగాదా వచ్చింది. దేశ్‌ముఖ్ ఎదుటి పక్షాన నిలిచాడు. దొర కోరిన భూమిని మారుమాట లేకుండా వదులుకోవడం అప్పటి లోకరీతి. బందగీ అందుకు ఒప్పుకోలేదు. కర్ర పట్టలేదు, కత్తి పట్టలేదు, న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. బెదిరింపులకు వెరవక వ్యాజ్యం నడిపాడు. చివరికి తీర్పు ఆయనకే అనుకూలంగా వచ్చింది.

ఒక చిన్న రైతు చేతిలో దొర ఓడిపోవడం భూమి నష్టంతో పోయేది కాదు. ఒకరు గెలిస్తే పదిమందికి ధైర్యం వస్తుంది. గడీ బలమంతా జనం భయంలోనే ఉంది. ఆ భయం సడలకుండా చేయడానికి దొర మనుషులు 1940 జులై 27న కామారెడ్డిగూడెం వద్ద బందగీని దారికాచి దారుణంగా హత్య చేశారు.

భయం మాత్రం తిరిగి నిలబడలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను దొరపాలు కానీయలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుండ్లకు నేలకొరిగాడు. వీరిరువురూ ఎదిరించింది ఆ విసునూరు గడీనే. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుండే దావానలమై వ్యాపించింది. బందగీ గాథ స్ఫూర్తితో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన మా భూమి నాటకం తెలుగునేలను కదిలించింది.

జనగామ, సూర్యాపేటల నడుమ రహదారి పక్కన బందగీ సమాధి ఉంది. సూఫీ సాధువుల వర్ధంతిని ఉర్సు పేరిట జరుపుకోవడం అనేక దేశాల ముస్లింలలో ఉన్న సంప్రదాయం. ఉర్సు అంటే పెండ్లి. మరణాన్ని దైవంతో కలయికగా భావించడం అందులోని అంతరార్థం. సమాధుల వద్ద మొక్కుకోవడం తగదని భావించే ముస్లింలూ ఉన్నారు. బందగీ సాధువు కాడు, మహిమలు చూపినవాడూ కాడు. ఆయన సాధారణ రైతు. అయినా కులమత భేదం లేకుండా జనం ఆయన సమాధి చెంత చేరి స్మరించుకోవడం ఆనవాయితీ అయింది.

దైవానికి దాసుడని తెలిపే పేరు పెట్టుకున్న ఆ రైతు ఏ మానవునికీ దాసుడు కాలేదు. ఆయన కాపాడుకోదలచినది కొంత భూమి. దానితోపాటు తన తర్వాతివారికి తలయెత్తి నిలిచే ధైర్యాన్ని మిగిల్చి వెళ్లాడు.