తమ్ముడి పుస్తకాల పక్కన కూర్చుని...

సంక్రాంతికి ముందు ఎల్.బి. నగర్ చౌరస్తా ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో పిల్లాడి చెయ్యి, కళ్లన్నీ విజయవాడ బోర్డు కోసం. బస్సెక్కి హయత్‌నగర్ దాటేసరికి సగంమంది కునుకు తీస్తారు. సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు, మునగాల అనే ఊరొస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే తిరుపతమ్మ తల్లి ఉన్న పెనుగంచిప్రోలుకి దారి చీలుతుంది. మొక్కులున్నవాళ్లు అక్కడ దిగుతారు. ఈ రెండు ఊళ్లతోనూ ముడిపడిన ఒకావిడ గురించి ఈ వారం రాయాలనిపించింది. ఆవిడ భండారు అచ్చమాంబగారు. తెలుగులో కథ రాసిన తొలి స్త్రీ. ఆడా మగా కలిపి చూసినా ఆవిడే ముందంటారు చాలామంది. ఆ తగువు తరవాత చూద్దాం.

అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్యగారు మునగాల సంస్థానంలో దివాను. తల్లి గంగమాంబ. దివానుగారి అమ్మాయంటే ఇంటికే పంతులుగారొచ్చి చదువు చెప్పి ఉంటారనుకుంటాం కదా! అదేం లేదు. ఆరేళ్ల వయసులో తండ్రి పోయాడు. పదేళ్లకు పెళ్లి. వరుడు సొంత మేనమామ భండారు మాధవరావుగారు. ఆయనకది రెండో పెళ్లి. సెంట్రల్ ప్రావిన్సుల్లో, అంటే నాగపూర్ వైపు, ఇంజనీరు ఉద్యోగం. పెళ్లినాటికి ఆ పిల్లకు చదువంటూ లేదు.

తల్లీ, తమ్ముడూ కూడా ఆమె వెంటే వెళ్లి అక్కడే ఉన్నారు. ఆ తమ్ముడెవరో కాదు, కొమర్రాజు లక్ష్మణరావుగారు. భువనగిరిలో అక్షరాలు దిద్ది, అక్కాబావల దగ్గరుండి నాగపూర్‌లో చదువుకుని, తరవాత విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగువాళ్లకు చరిత్ర, విజ్ఞాన శాస్త్రం పుస్తకాలు అందించిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ బస్సెక్కితే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది చూడండి, 1901లో దాన్ని పెట్టిన నలుగురైదుగురిలో ఆయనొకరు.

భార్య చదువుకోవడం మాధవరావుగారికి ఇష్టం లేదు. అయిష్టమంటే కొట్టడం, తిట్టడం అనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో మంచి భర్తలకు కూడా ఆడవాళ్ల చదువు ఇష్టముండేది కాదు. ఇల్లు చూసుకునే మనిషికి అక్షరాలెందుకన్నది అందరి మాట. మరి ఆమె ఎలా నేర్చుకుంది? తమ్ముడు చదువుకునేటప్పుడు పక్కన కూర్చుని నేర్చుకుంది. తనకంటే చిన్నవాడైన తమ్ముడే అక్కకు గురువయ్యాడు. తెలుగు వచ్చింది, హిందీ వచ్చింది. చుట్టూ ఉన్న భాష మరాఠీ, అదీ పట్టుబడింది. బెంగాలీ, గుజరాతీ కూడా చదివి అర్థం చేసుకునేంత నేర్చుకుంది. సంస్కృతం కొంత. బడి గడప తొక్కని మనిషికి ఇన్ని భాషలు!

నాకు ఇక్కడే ఆగాలనిపిస్తుంది. రాయడానికి టైము దొరకదని మనం ఎంతగా వాపోతామో! కుక్కరు మూడో విజిల్‌కీ, పిల్లల బస్సు హారన్‌కీ మధ్య నాలుగు వాక్యాలు రాసి, అవి మర్నాడు ఎక్కడ పెట్టామో వెతుక్కునే బాపతు నేనూను. ఆమెకైతే టైము సంగతి అటుంచి, పుస్తకం పట్టుకోవడానికి సందు దొరకడమే గొప్ప. చుట్టుపక్కల తెలుగు మాట వినపడని ఊళ్లో, తెలుగు పత్రికలకు పోస్టులో పంపడానికి తెలుగులో రాయడం! ఆ ఇంట్లో ఆమె రాసింది అర్థమయ్యే మనిషి బహుశా తమ్ముడొక్కడే అయ్యుంటాడు.

ఇంతలో ఆమెకు పెద్ద దెబ్బ. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. అంతకంటే ఏం రాయను? తరవాత ఆమె దిక్కులేని పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని, పెంచి, చదువు చెప్పించింది. ఆమె రచనలన్నీ ఆ నాలుగైదేళ్లలో గుట్టగా పోసినట్టు వచ్చాయి. దుఃఖానికీ రాతకీ ముడి పెట్టడం కథలు రాసేవాళ్ల అలవాటు, నేను మాత్రం పెట్టను. తేదీలు చూస్తే మాత్రం మనసు ఊరుకోదు.

ముందు ఆమె తలకెత్తుకున్నది కథ కాదు, చరిత్ర. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని పేరు. ఆడవాళ్లకు బలం లేదు, బుద్ధి లేదు, చదివిస్తే చెడిపోతారు అనేవాళ్లకు జవాబుగా, వెయ్యేళ్లలో ఈ దేశంలో పుట్టిన గొప్ప స్త్రీల జీవితాలు పోగుచేసింది. రాణులు, కవయిత్రులు, జ్యోతిషం చెప్పిన ఖనా వంటి విదుషీమణులు. ఒకేచోట దొరికే సంగతులా అవి! మరాఠీ పుస్తకంలో ఒకటి, హిందీలో ఒకటి, బెంగాలీలో ఇంకొకటి. ఇంగ్లీషులో ఉన్నవి తమ్ముడు చెప్పాలి. మొత్తం మూడు భాగాలని లెక్క వేసుకుంది. ఈ దేశపు చరిత్రలోని స్త్రీలు మొదట, వేద పురాణాల్లోని స్త్రీలు తరవాత, విదేశీ స్త్రీలు చివర. వీరేశలింగం పంతులుగారు తన ‘చింతామణి’ ద్వారా అచ్చు వేయించారు. 1901లో మొదటి భాగం పుస్తకంగా వచ్చింది. తెలుగులో స్త్రీల చరిత్రకు అదే మొదలు. దాన్ని రాసినప్పుడు ఆమెకు పాతికేళ్లు దాటి ఒకటో రెండో!

ఇక కథలు. 1898 ప్రాంతం నుంచి 1904 దాకా రాసింది. ఇప్పటికి దొరికినవి పది పన్నెండు. ‘తెలుగు జనానా’, ‘హిందూ సుందరి’, ‘సావిత్రి’ పత్రికల్లో వచ్చాయి. అన్నీ ఆడవాళ్ల పత్రికలే. బహుశా అందుకే అవి ఎవరి లెక్కలోకీ రాకుండా పోయాయి.

‘ధన త్రయోదశి’ కథ 1902 నవంబరులో ‘హిందూ సుందరి’లో పడింది. పండగ ముంచుకొచ్చింది, ఇంట్లో చేతిలో డబ్బు లేదు. షావుకారు దగ్గర పనిచేసే భర్త తనది కాని డబ్బు మీద మనసు పడతాడు. భార్య ఆ డబ్బు ముట్టనంటుంది. అరిచి కాదు, నచ్చజెప్పి అతన్ని వెనక్కి మళ్లిస్తుంది. ఈమధ్య మన కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ నగల షాపులవాళ్లు ధన్‌తేరస్ అంటూ ఫ్లెక్సీలు కట్టి ఊదరగొడుతున్నారు గానీ, మా అమ్మమ్మల కాలంలో ఆ రోజుని పెద్దగా పట్టించుకున్నట్టు గుర్తు లేదు. అచ్చమాంబ బతికిన ఊళ్ల పండగ అది. తను కళ్లతో చూసినదాన్ని కథలో పెట్టింది. బంగారం కొనే పండగ రోజున, చేతికొచ్చిన డబ్బు వద్దనే పేదింటి ఇల్లాలు! ఆ రోజునే ఎంచుకోవడంలోనే సగం కథ ఉంది.

‘స్త్రీ విద్య’ అని ఇంకో కథ. మొత్తం మొగుడూ పెళ్లాల సంభాషణే. చదువుకోమని భర్త బతిమాలతాడు, ఎందుకని భార్య అడ్డు చెబుతుంది. చివరికి ఒప్పుకుంటుంది. ఆమె సొంత ఇంట్లో జరిగినదానికి ఇది అచ్చంగా తిరగేసిన బొమ్మ. అప్పట్లో ఆడవాళ్లు చదువు వద్దనడానికి చెప్పే కారణాలన్నీ ఆ భార్య నోట పెట్టి, ఒక్కొక్కదానికీ భర్త చేత జవాబు చెప్పించింది. ఎవరికి వినపడాలని రాసిందో మనం ఊహించుకోవచ్చు.

అన్నీ గొప్ప కథలని నేననను. కొన్నిట్లో నీతి ముందు నడుస్తుంది, కథ వెనక వస్తుంది. భర్తకు అణిగి ఉండమన్న ధోరణి కూడా అక్కడక్కడా ఉంది, చదివితే ఇవాళ మనకి చిరాకేస్తుంది. కానీ ‘దంపతుల ప్రథమ కలహము’ అని పేరు పెట్టి, కొత్త కాపురంలో తగువుని కథా వస్తువుగా తీసుకోవాలని 1902లో ఎవరికి తట్టింది చెప్పండి!

రాసి ఊరుకోలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1903లో ఊరూరా తిరిగి ఇంకా సమాజాలు పెట్టించింది. చదువే వద్దనిపించుకున్న మనిషి సభల్లో నిలబడి మాట్లాడింది. ‘రత్నమాల’ రెండో భాగం మాత్రం చేతిలోనే మిగిలిపోయింది. 1905 జనవరి 18న, సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే, ఆమె కన్నుమూసింది. ముప్ఫై ఏళ్లు. విదేశీ స్త్రీల భాగం మొదలే కాలేదు.

ఇక తగువు సంగతి. తెలుగులో మొదటి కథ గురజాడవారి ‘దిద్దుబాటు’ అని మనందరం స్కూల్లో చదువుకున్నాం. అది వచ్చింది 1910లో. అప్పటికి అచ్చమాంబ పోయి అయిదేళ్లు. ఆధునిక కథ లక్షణాలు ‘దిద్దుబాటు’లోనే పూర్తిగా ఉన్నాయని కొందరు పండితులంటారు. ఉంటే ఉండనివ్వండి. కానీ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివి చూడండి. అక్కడా దారి తప్పబోయిన భర్త, ఇక్కడా అంతే. రెండిట్లోనూ దిద్దేది భార్యే. ‘దిద్దుబాటు’ కమలిని చదువుకున్నది కాబట్టి ఉత్తరం రాసిపెట్టింది. ఆ ఉత్తరం రాయగలగడం కోసమే అచ్చమాంబ అంత పాటు పడింది మరి.

ఈ శతాబ్దంలో సంగిశెట్టి శ్రీనివాస్‌గారి వంటి పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి ఆమె కథలు వెలికి తీశారు. కొండవీటి సత్యవతిగారు ఆమె జీవిత చరిత్ర రాశారు. లైబ్రరీలో దొరికితే ముందు ‘ధన త్రయోదశి’ చదవండి. పట్టుమని అరగంట కూడా పట్టదు. భాష పాతదే గానీ, రెండో పేజీకల్లా అలవాటైపోతుంది.