బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టిన మనిషి

మన విశాఖ విచారణల్లో ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, రైల్వేలోనో పనిచేసేవారు లేని వీధి ఉండదు. వేతన ఒప్పందం మాట వచ్చినప్పుడల్లా ఆ ఇళ్లలో మొదట పుట్టే అనుమానం ఒకటే: పైవాళ్ల మాట నమ్మవచ్చా? బ్రతుకంతా ఈ అనుమానంతోనే పెనుగులాడిన ఒక తెలుగువారి సంగతి ఈ వారం చెప్పుకుందాం. వరాహగిరి వెంకటగిరిగారిని మనం రాష్ట్రపతిగానే గుర్తుపెట్టుకున్నాం. అంతకు చాలా ముందే ఆయన రైల్వే కార్మికుల మనిషి.

1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. 1913లో గిరిగారు న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఆయన చేరిన యూనివర్సిటీ కాలేజీ, కార్డినల్ న్యూమన్‌గారు తొలి రెక్టరుగా నడిపిన కతోలిక విశ్వవిద్యాలయం నుండి ఎదిగినదే. ఆ ఏడే డబ్లిన్ యజమానులు యూనియన్‌లో చేరిన వేలాదిమందిని పనిలోకి రానివ్వక, నెలల తరబడి గేట్లు మూసివేశారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత గిరిగారు ఐర్లండు విడిచి రావలసివచ్చింది.

హౌరా నుండి వాల్తేరు దాకా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే మన పెద్దలకు బాగా తెలిసినదే. ఆ కంపెనీ కార్మికులకు ఆయన నాయకుడయ్యారు. 1928లో ఉద్యోగాల తీసివేతకు ఎదురుగా ఆయన నడిపిన సమ్మె శాంతియుతంగా సాగింది, చివరకు కంపెనీయే దిగివచ్చింది. సమ్మె చేయించగలిగినవాడు కనుకనే, సమ్మెకంటే ముందు మాట్లాడుకోవాలని ఆయన చెబితే కార్మికులు విన్నారని నా అభిప్రాయం. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు గెలిచి, నెహ్రూగారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

అప్పటికి తగాదా వస్తే ట్రిబ్యునల్‌కు పంపడం ఆనవాయితీ. ఇది గిరిగారికి నచ్చలేదు. కోర్టుకెక్కితే ఇరుపక్షాలూ ప్లీడర్లతో మాట్లాడతాయి గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోవు. తీర్పు వచ్చాక గెలిచినవారూ ఓడినవారూ మళ్లీ అదే షెడ్డులో పక్కపక్కనే పనిచేయాలి. కనుక ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని తామే తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది. 1952లో నైనిటాల్‌లో జరిగిన కార్మిక మహాసభలో ఇది చర్చకు వస్తే యజమానులూ మొగ్గలేదు, చాలా సంఘాలూ మొగ్గలేదు. చిన్న సంఘాల భయాన్ని తప్పుపట్టలేం. బలమైన యజమాని ఎదుట కూర్చోవాలంటే వెనుక మనుషులుండాలి కదా!

ఇక్కడే గమనించవలసిన విషయం ఉంది. బ్యాంకు ఉద్యోగుల తగాదాలో కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. 1954లో ప్రభుత్వం దానిని మార్చి, ఉద్యోగులకు దక్కినదానిలో కొంత కోసివేసింది. ట్రిబ్యునల్ దారి గిరిగారికి ఇష్టంలేనిది, నిజమే. అయినా ఆ దారినే పొమ్మని ఉద్యోగులకు చెప్పిన ప్రభుత్వం, ఫలితం వచ్చాక వెనక్కి లాక్కోవడం ఏమిటి? ఇకమీదట ఏ మంత్రి మాటకు విలువ ఉంటుంది? ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు. కుర్చీలో ఉంటూ నిరసన తెలిపి ఊరుకోవచ్చు, చాలామంది చేసేది అదే.

తరువాత గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. అదే ఏడు ఉక్కు పరిశ్రమలో యాజమాన్యాలూ సంఘాలూ నేరుగా మాట్లాడుకునే సంయుక్త కమిటీ ఏర్పడింది. నేడు మనం ఎన్.జె.సి.ఎస్. అంటున్నది దానినే. మన ఉక్కు కార్మికుల వేతన ఒప్పందాలు నడిచిందీ ఆ వేదిక మీదనే.

కాని 1974 సంగతి కూడా చెప్పాలి. రైల్వే సంఘాలతో చర్చలు తెగకముందే, మే 2న ప్రభుత్వం నాయకులను అరెస్టు చేసింది. మే 8 నుండి 27 వరకు దేశమంతా సమ్మె. వేలాదిమంది జైలుకు వెళ్లారు, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ముందు నిలిచినది అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్, అంటే గిరిగారు స్థాపకులలో ఒకరై, ఏళ్ల తరబడి నడిపిన సంస్థ. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆయనే. ఆగస్టులో పదవీకాలం ముగిసి, మద్రాసు వెళ్లిపోయారు. 1980 జూన్ 24న అక్కడే కన్నుమూశారు.