వెదురుతో గెలిచిన శరభశాస్త్రి

ఈసారి నేను వేణువు శరభశాస్త్రి గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1872లో పుట్టారు. తమిళనాడులోని కుంభకోణం వాసి. పసితనంలోనే చూపు పోయింది. పుస్తకం చూసి చదివే వీలు లేదు. అందుకని పాటలన్నీ చెవితో విని మనసులో పెట్టుకున్నారు. అప్పట్లో కచేరీల్లో పిల్లనగ్రోవికి పెద్ద చోటు లేదు. ఆయన ఆ వెదురు మీదే త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు పలికించి, దానికి సభలో ముందు పీట వేయించారు. పల్లడం సంజీవరావు గారు ఆయన శిష్యుడే. 1904లో, 32 ఏళ్లకే శాస్త్రి గారు చనిపోయారు.

మా తాత విడవలూరు దగ్గర రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడు. రాత్రిపూట నిద్ర రాకుండా పిల్లనగ్రోవి ఊదతాడు. నేను హాస్టలుకి వచ్చేటప్పుడు ఒకటి చేసిచ్చాడు. మీరు నవ్వుతారని దాన్ని పెట్టె అడుగున దాచేశాను. తాత అడిగితే పోయిందని అబద్ధం చెప్పాను. మా తాతకి అక్షరం రాదు. ఆయన కూడా విని నేర్చుకున్నవాడే.

ఈ శనివారం బాలసభలో నేను ఊదుతాను. నవ్వాలంటే నవ్వండి, కానీ పాట అయిపోయినాక నవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని